కడ్డీ మీద గీత

మా కొట్లో పాతకాలపు చెకుముకి తుపాకులు బాగుచేస్తాం. నాన్న పెట్టిన నియమం ఒకటుంది. గొట్టం కడిగే ముందు మూతిలోంచి కడ్డీ దించి చూడాలి. ఖాళీదైతే కడ్డీ మీది గీత సరిగ్గా మూతి దగ్గరికి దిగుతుంది. లోపల మందూ గుండూ ఉంటే పైనే ఆగిపోతుంది. నిండు తుపాకిని గోడకు తగిలించినవాడికి ఇక ఈ కొట్లో పని లేదు.

ఆ నియమానికి బలైంది చిన్నాన్న ఒక్కడే. ఆరేళ్ల క్రితం ఒక్కసారి కడ్డీ దించడం మరిచి నిండు తుపాకి తగిలించాడు. తమ్ముడని కూడా చూడకుండా నాన్న ఆ పూటే పంపేశాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. చిన్నాన్న పక్క వీధిలో కుట్టుమిషన్లు బాగుచేసుకుంటున్నాడు. నాకు నాన్న మీద ఆ కోపం ఇంకా పోలేదు.

ఇవాళ గోడమీది పొడవాటి తుపాకి కడుగుదామని దించాను. దానికి కట్టిన చీటీ మీద నాన్న దస్తూరీలో 'ఖాళీ' అని ఉంది.

"కొలవడమెందుకే? నేనే చూసి పెట్టాగా. వేడినీళ్లు పొయ్యి," అన్నాడు నాన్న.

"నీ నియమమే కదా నాన్నా!" అని కడ్డీ దించాను.

గీత మూతికి నాలుగు వేళ్లు పైన ఆగింది.

పోయిన నెల పేల్చి చూద్దామని నాన్నే మందూ గుండూ దట్టించాడు. అంతలో వానొచ్చి తుపాకి లోపలికి తెచ్చేశాడు. తర్వాత పేలిన చప్పుడు నేను వినలేదు.

ఇలాంటి రోజు రావాలని ఎన్నిసార్లు అనుకున్నానో. తీరా వచ్చాక నోటికి అబద్ధమే వచ్చింది.

"మసి పేరుకున్నట్టుంది," అన్నాను.

"ఇటివ్వు."

నాన్న చూపు ఆనక బొటనవేలితో గీత తడిమాడు. మూతి తడిమాడు. మళ్లీ గీత తడిమాడు.

"నాలుగు వేళ్ల మసా? అబద్ధమాడ్డం కూడా చేతకాదు నీకు."

చెకుముకి రాయి ఊడదీశాడు. గొట్టం పక్కన నిప్పురవ్వ దూరే సన్నటి రంధ్రంలోంచి సిరంజితో నీళ్లెక్కించి మందు తడిపాడు. కొనకు మర ఉన్న కడ్డీ గుచ్చి సీసపు గుండును బయటికి లాగాడు. చేతులు ఏమాత్రం వణకలేదు. అది చూస్తే నాకు మరీ ఏడుపొచ్చింది.

ఏప్రాన్ విప్పి, మడిచి, బల్ల మీద పెట్టాడు. గుండును నా అరచేతిలో ఉంచాడు.

"దీన్ని మీ చిన్నాన్నకివ్వు. వాళ్లన్న గోడకెక్కించిన తుపాకిలో దొరికిందని చెప్పు."

"వస్తాడంటావా?"

"వాడిష్టం. నేను మాత్రం ఇంటికెళ్తున్నా."