నొప్పి లేదన్న మనిషి

నూనె రాసి వెచ్చబెట్టిన అరటాకు ముక్కను ఒంటి మీద జారవిడిస్తే, దెబ్బ ఉన్న చోట అది అతుక్కుంటుంది. పొటెన్ పొట్ట మీద బొడ్డు పక్కన అతుక్కుంది. ఇసిద్రా అక్కడే గట్టిగా తోమింది. ముప్పై ఏళ్లుగా ఆ దీవిలో బెణికిన కాళ్లనూ బాలింతల కడుపులనూ చక్కబెట్టిన చేతులవి. పొద్దున దున్నపోతు తల విసిరి మొగుడు పొటెన్ కడుపులో కుమ్మితే, ఇంకొకరిని పిలవడమెందుకని ఆమే చాప పరిచింది.

పదింటికల్లా ఆ చోట అరచెయ్యంత మేర నేరేడుపండు రంగు తేలింది. తోమకముందు మచ్చ లేదు. ఇసిద్రా వెంటనే కబురు పంపింది.

కబురందుకుని ఆరోగ్యకేంద్రం నర్సు రోవెనా వచ్చింది. గుమ్మంలోనే నూనె వాసన పసిగట్టింది.

"తోమావా అక్కా?"

"తోమాను."

"ఎంతసేపు?"

ఇసిద్రా అరచేతుల్లోని నూనె తుడుచుకుంది.

రోవెనా నాడి, రక్తపోటు చూసింది. మూత్రం ఎర్రగా వచ్చిందా, భుజం లాగుతోందా అని అడిగింది. తర్వాత ఇసిద్రాను వంటింట్లోకి తీసుకెళ్లింది.

"ఇక చెయ్యి వెయ్యకు. లోపలేదైనా చిట్లితే తోమినకొద్దీ నెత్తురు కారుతుంది. ఇప్పుడు అన్నను తల ఎత్తమంటాను. పొట్ట పైకండ బిగుస్తుంది. నొప్పి పెరిగితే దెబ్బ చాలావరకు ఆ కండకే. గుడ్డలో మంచుముక్కలు చుట్టి పెట్టి, కొన్నాళ్లు బరువులు ఎత్తనీయకపోతే చాలు. నొప్పి తగ్గితే మాత్రం దెబ్బ లోపల తగిలినట్టు, పట్నం తీసుకెళ్లాల్సిందే."

మొగుడికి నొప్పి పుట్టాలని ఇసిద్రా మేరీమాతకు మొక్కుకోవడం అదే మొదటిసారి.

రోవెనా మచ్చ మీద వేలు ఆనించింది. పొటెన్ తల ఎత్తాడు. అతని దవడలు బిగుసుకున్నాయి.

"నొప్పి పెరిగిందా అన్నా, తగ్గిందా?"

"అసలు లేదమ్మా."

ఇసిద్రా పట్నానికి బట్టలు మూట కట్టింది.

పొరుగువాళ్లు అతన్ని ఉయ్యాలగుడ్డలో మోసుకెళ్లి రెండు గంటల పడవెక్కించారు. "దున్న కుమ్మితే ఇంత ఊరేగింపా?" అని అతను సణిగాడు. ఒక్కరూ నవ్వలేదు.

పడవ కదిలాక పొటెన్ చెయ్యి చాపాడు. ఇసిద్రా తన చేతులు చంకల్లో దాచుకుంది.

"చెయ్యి ఇవ్వవే."

"ఇవ్వను. నిన్ను చంపుతున్నది ఈ చేతులే."

"పిచ్చిదానా. తల ఎత్తినప్పుడు నాకు ప్రాణం పోయినంత పనైంది."

"మరి లేదన్నావేం?"

"ఉందంటే నీ తోముడు వల్లేనని ఏడుస్తావుగా."

ఇసిద్రాకు ఒళ్లు మండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వెనక్కి తిప్పమంటావా అక్కా?" అన్నాడు పడవవాడు.

"వద్దు. ఈయన నొప్పి లేదంటే నమ్మి ఇంతదాకా వచ్చాను. ఇప్పుడు ఉందంటే నమ్మి వెనక్కెళ్లనా? పట్నం డాక్టరు చూసి చెప్పనీ." మొగుడి వైపు తిరిగింది. "తల ఎత్తు. ఈసారి దాచావంటే ఊరుకోను."

అతను తల ఎత్తాడు. ముఖమంతా వంకర్లు పోయింది. "అమ్మో," అని మూలిగాడు.

ఇసిద్రా చేతులు బయటకు తీసింది. పొట్ట జోలికి పోకుండా అతని తలను ఒళ్లోకి తీసుకుంది.

"మళ్లీ అను," అంది.