మూత మీద పేరున్న డబ్బా

ఫుడ్ ఇన్‌స్పెక్టర్ షాలేమ్‌రాజుకు చట్టమంతా కంఠోపాఠం. అవసరమైనప్పుడు దాన్ని అడ్డం పెట్టుకోవడం అంతకన్నా బాగా వచ్చు.

కారేపల్లి పక్క తండా నుంచి రూప్లి ఖమ్మంలో అతని ఆఫీసుకొచ్చి, బల్ల మీద స్టీలు డబ్బా పెట్టింది. మూత మీద హేమలత అని చుక్కలతో చెక్కి ఉంది.

"నా మనవరాలి డబ్బ సారూ. మా కారేపల్లి స్టేషన్‌కాడి మెస్సుల మటన్ కూర కొన్న. తిన్నకాడికెల్లి పోరికి ఒకటే వాంతులు. రెండు రోజులు దవాఖానల ఉన్నం. మిగిలిన కూర ఇండ్ల ఉంది."

"మేం పోయి తీసిన శాంపిలే చెల్లుతదమ్మా, ఇది చెల్లదు" అన్నాడు. అబద్ధం కాదు. ఆ మెస్సు తన బామ్మర్ది బెన్నీదన్న సంగతే చెప్పలేదు. ఆమె వెళ్లగానే డబ్బా చెత్తలో వేయించాడు.

సాయంత్రం బెన్నీకి ఫోన్ చేశాడు. "రేపు పదింటికి వస్తున్న. అన్నీ తాజాగ ఉండాలె."

"ఫ్రిజ్‌ల పాత కూరలు మస్తున్నయి బావా."

"అందుకే చెప్తున్న."

మర్నాడు ఫ్రిజ్ తళతళలాడుతోంది. వంటమనిషికి టోపీ కూడా వచ్చింది. శాంపిల్ తీసి సీలు వేశాడు. రెండు వారాలకు రిపోర్టులో ఏ దోషమూ లేదని తేలింది. రూప్లికి ఫోన్లో అదే చెప్పి, సిగ్గులేకుండా హమ్మయ్య అనుకున్నాడు.

ఆదివారం అత్తగారి ఊరు కారేపల్లిలో చర్చి అయ్యాక బెన్నీ మెస్సుకెళ్తే, ఎదురు బల్ల దగ్గర రూప్లి, పక్కన బక్కచిక్కిన పిల్ల.

"ఈ అన్న మీద ఊకెనే చెప్పిన సారూ. తప్పైందని ఒప్పుకుందామని వచ్చిన. మీరు మంచిదన్నరని పోరికి గూడ గదే కూర పెట్టిస్తున్న."

షాలేమ్‌రాజుకు తల కొట్టేసినట్టయింది. పిల్ల ముద్ద కలుపుతోంది. అది నోటిదాకా పోయేలోపు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేడు. ప్లేటు ఇవతలికి లాగేశాడు.

"తినకు బిడ్డా. తప్పు మీ అవ్వది కాదు. నేనొస్తున్నట్టు వీనికి ముందే ఫోన్ చేసిన. వీడు నా బామ్మర్ది."

మెస్సులో తినేవాళ్ల చేతులు ఆగిపోయాయి. బెన్నీ "బావా" అని గొణిగాడు. రూప్లి పిల్ల వేళ్లను ఒక్కొక్కటే తన కొంగుతో తుడిచి, లేచి నిలబడింది.

"మా పోరి డబ్బ ఇస్తరా సారూ? బడికి గదే తీసుకపోతది."

దాన్ని ఆ రోజే పారేయించానని కూడా అతనే చెప్పాల్సి వచ్చింది.