కాళ్లు ముందుకు చాపే సైకిలు

2007 జూన్ పన్నెండున, బడి తెరిచిన రోజు, నా భర్త తిరుపతి చనిపోయారు. ఆయన కొత్తగూడెం గనిలో ఫిట్టరు. చండ్రుగొండలోని మా పెరట్లో ఆయన సగం చేసిన మూడు చక్రాల సైకిలు మిగిలింది.

దాన్ని నేను పాఠాలు చెప్పే బడిలో అన్నం వండే ద్వాలి కోసం మొదలుపెట్టారు. ఎండాకాలంలో తుంటి విరిగినప్పటి నుంచి ఆమె ఎక్కువ దూరం నడవలేకపోతోంది. తండా నుంచి బడికి మూడు కిలోమీటర్ల అడవి దారి. ఆగస్టు మొదటి సోమవారానికి రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని బడి కమిటీ చెప్పింది.

ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. వెనక్కి వాలి కూర్చుని, కాళ్లు ముందుకు చాపి తొక్కాలి. పెడళ్లున్న గొట్టం పెద్ద గొట్టంలోకి జరుగుతుంది; ఎవరి కాళ్ల పొడవును బట్టి వాళ్లు బిగించుకోవచ్చు. ఆయన నోటుబుక్కులో బొమ్మలన్నీ ఉన్నాయి. సీటును జానెడు ఎత్తులోనే ఎందుకు గీశారో మాత్రం నాకు అర్థం కాలేదు.

ఆయనతో పనిచేసిన మంగయ్య వచ్చి వెల్డింగు పూర్తిచేశాడు. గడువుకు ముందు రోజు, ఆదివారం, ద్వాలిని కూర్చోబెట్టాం. ఆమె వెంటనే కాళ్లు ముడుచుకుంది.

"ఏందక్కా, గుచ్చుకున్నదా?" అన్నాడు మంగయ్య.

"సిగ్గయితాంది. ఎదురుంగ పెద్దమనిషొస్తే మొకం మీదికి కాళ్లు చాపినట్టే గాదా? టీచరమ్మకే చాపిన, సూడు."

"మరి కాళ్లు సంచిల ఏసుకొని తొక్కుతవా?"

"తమాషా జెయ్యకు తమ్మీ. గిట్లయితే నేను తండా దాట."

అన్ని కొలతలు తీసుకున్న ఆయనకు ఇది తట్టలేదు. నాకూ తట్టలేదు. సీటు ఎత్తి బిగించమన్నాను. పాదాలు కిందికి దిగాయి. ద్వాలి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, పెడళ్లు మునివేళ్లకే అందుతున్నా తొక్కింది. వీధి మలుపు తిప్పేసరికి ఒక చక్రం గాల్లోకి లేచింది. మంగయ్య పట్టుకున్నాడు. సీటు ఎందుకు కిందుందో అప్పుడు తెలిసింది. అడిగి ఉంటే ఆయన ఒక్క మాటలో చెప్పేవారు.

ద్వాలి దిగి, సీటు కింది గొట్టాన్ని చేత్తో తడిమి చూసింది.

"రెండు బెజ్జాలు కొట్టు తమ్మీ. అడవి మలుపులల్ల కిందికి, ఊర్లకొచ్చినంక పైకి. ఆగి నేనే మార్చుకుంట."

"అవ్, గట్ల గాదా! వదినె, మా అన్న గిది ఇంటే..." అంటూ మంగయ్య డ్రిల్లు అందుకున్నాడు.

బెజ్జాలు కొట్టాడు. సీటు రెండు ఎత్తుల్లోనూ నిలిచింది. కానీ పైకెత్తినప్పుడు కాళ్లు అందడానికి పెడళ్లను దగ్గరికి జరపాలి. జరిపితే గొలుసు వదులై ఊడిపోతోంది. నోటుబుక్కు మొత్తం వెతికాను. దానికి బొమ్మ లేదు.

"రేపటికి కింది బెజ్జమే పెట్టు," అంది ద్వాలి. "తండా లేవకముందే ఎల్లొస్త."

సోమవారం అలాగే వచ్చి పొయ్యి వెలిగించింది. గొలుసు సంగతి ఇంకా తేలలేదు.