ప్రళయం నిలబడిన వీధి

తుఫాను వస్తోందంటే జనం సముద్రానికి వీపు చూపించి పరిగెడతారు. టీవీ వాళ్ళు మాత్రం సముద్రానికి ఎదురెళతారు. దీన్ని ధైర్యం అనుకునే అమాయకులు ఇప్పటికీ ఉన్నారు. కెమెరామన్ అనుకోడు. పదో తరగతి గట్టెక్కలేక పెళ్ళిళ్ళ వీడియోలు తీసుకుంటూ, కాలం కలిసొచ్చో రాకో ఈ ఛానల్లో వచ్చి పడ్డవాడతను. ఇన్నేళ్ళు భుజం అరిగేలా కెమెరా మోసి తెలుసుకున్నది ఒకటే. పెళ్ళిలోనైనా తుఫానులోనైనా ఏడుపు సరిగ్గా పడాలంటే ఇంకోసారి ఏడవమనాలి.

అతని జత విలేకరిని ఆఫీసులో అందరూ ప్రళయం అంటారు. చినుకు పడినా, కొమ్మ ఊగినా, మురుగుకాలువ పొంగినా ఆ కుర్రాడి నోట ఒకటే మాట, "ఇక్కడ ప్రళయం తాండవిస్తోంది!" మనిషి మంచివాడే. ఇస్త్రీ చొక్కా, పైన ఛానల్ ఇచ్చిన పసుపు రెయిన్‌కోటు. దానికి గుండీలు పెట్టుకోడు. పెట్టుకుంటే గాలికి ఎగరదట. గాలి లేకపోయినా గాలికి ఎదురు వంగి నిలబడటం అతను సాధన చేసి నేర్చిన విద్య. ఒకసారి అలా వంగి "నిలబడలేకపోతున్నాం" అని గావుకేకలు పెడుతుంటే, వెనకాల ఒక పెద్దాయన తాపీగా చుట్ట వెలిగించుకుంటూ వెళ్ళాడు. అగ్గిపుల్ల కూడా ఆరలేదు.

ఇక స్టూడియోలో యాంకరమ్మ సంగతి సరేసరి. ఏసీ గదిలో కంప్యూటరు గీసిన బొమ్మ నీళ్ళలో నడుము దాకా మునిగి, చీర కుచ్చెళ్ళు చెదరకుండా మనల్ని జాగ్రత్తగా ఉండమంటుంది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినవాడు కూడా ఇంత అందంగా అడిగి ఉండడు.

తుఫాను ఎప్పుడొచ్చినా వీళ్ళ వ్యాను సముద్రం ఒడ్డున ఒకే వీధిలో ఆగేది. ఆ వీధి చివరింట్లో కెమెరామన్ అక్క ఉంటుంది. బావ పోయాక ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టి బతుకుతోంది. టీ దొరుకుతుంది, బ్యాటరీ పెట్టుకోవడానికి ప్లగ్గు దొరుకుతుంది, అన్నిటికీ మించి బాత్రూము దొరుకుతుంది. పైగా ఆ ఇంటి ముందే ఒక పల్లం ఉంది. ఎండాకాలంలో కూడా అక్కడ పైపు కారి నీళ్ళు నిలుస్తాయి. ప్రళయం అందులో మోకాళ్ళ మీద కూర్చుంటే, కెమెరామన్ నేలబారున కెమెరా పెట్టేవాడు. చూసేవాళ్ళకు నడుము లోతు వరద. వ్యాను డ్రైవరు గోడ చాటున నిలబడి తాడు కట్టిన కొమ్మను ఊపేవాడు. పిండి కొద్దీ రొట్టె అంటారు గానీ, టీవీలో చిటికెడు పిండికి ఊరంత రొట్టె.

ఈ కథలన్నీ కెమెరామన్ అక్కకు చెప్పేవాడు. అన్నం తింటూ, ప్రళయంలా వంగి చూపిస్తూ మరీ చెప్పేవాడు. ఆమె పొలమారేదాకా నవ్వేది. మర్నాడు మిషను దగ్గరికొచ్చిన వాళ్ళకు అవే చెప్పి నవ్వించేది. అలా ఆ వీధికి ఒక లెక్క కుదిరింది. ప్రళయం ఎక్కడ నిలబడితే అక్కడ భయం లేదు. టీవీలో ఎర్ర అక్షరాలు పరిగెడుతుంటే అక్క కిటికీలోంచి చూసేది. పసుపు కోటు కనిపిస్తే బట్టలు తీసుకెళ్ళి దండెం మీద ఆరేసేది. ఆమె ఆరేస్తే వీధంతా ఆరేసేది.

తెచ్చిపెట్టుకోవడమంటే ఇదే. ఈసారి తుఫాను నిజంగా వచ్చింది.

పొద్దుటి నుంచి మునిసిపాలిటీ ఆటో మైకు పెట్టుకుని తిరుగుతోంది. వీధి ఖాళీ చేయాలి, మిట్ట మీద కాలేజీలో వసతి ఉంది అని. మధ్యాహ్నానికి ఆ ఆటోవాడి గొంతే పోయింది. వీధి మాత్రం కదల్లేదు. కెమెరామన్ లోపలికి వెళ్ళేసరికి అక్క మిషను తొక్కుతూ ఉంది.

"అక్కా, లే. సంచి సర్దుకో, కాలేజీకి పోదాం."

"పోయినసారి తాళాలేసుకుని పోయినవాళ్ళ ఇళ్ళ మీద దొంగలు పడ్డారురా. తుఫాను పడలేదు."

"పోయినసారి చెప్పింది నేను కాదు, టీవీ."

"టీవీ అంటే నువ్వు కాదా?"

అక్క దారం కొరికి సూదిలోకి ఎక్కిస్తూ అంది, "మీ ప్రళయం నా గుమ్మం ముందే ఉన్నాడు. చొక్కా మడత కూడా నలగలేదు. నిజంగా ముంచుకొచ్చే చోటికి వాణ్ణి పంపుతారా? తాటాకు చప్పుళ్ళకు కుందేళ్ళు బెదరవు గానీ, టీ తాగుతావా?"

"వద్దు. ఒట్టేసి చెబుతున్నా, ఇది నిజం."

"కొమ్మకు తాడు కట్టించేది నువ్వు, ఒట్లు పెట్టేదీ నువ్వేనా? వాడు కదిలితే నేనూ కదులుతా. పో, వాడు పిలుస్తున్నాడు."

పక్కింటి గోడ మీదుగా ఎవరో అడిగారు, "ఏంటక్కా, వెళ్తున్నావా?"

"లేదమ్మా, జాకెట్లున్నాయి."

"అయితే మేమూ ఉంటాం."

కెమెరామన్ బయటికొచ్చాడు. తను నవ్వించిన నవ్వులే అక్క కాళ్ళకు బంధాలయ్యాయని అతనికి తెలుస్తూనే ఉంది. అక్కను ఎత్తుకుపోదామంటే ఆమె ఇతనికంటే బరువు. పైగా చేతిలో కత్తెర ఉంది.

ప్రళయం పల్లంలోకి దిగి అలవాటుగా మోకాళ్ళ మీద కూర్చోబోయి ఆగిపోయాడు. ముఖం వెలిగిపోయింది.

"అన్నా! ఈసారి కూర్చోనక్కర్లేదే! నిలబడితేనే మోకాళ్ళ దాకా వచ్చాయి!"

కెమెరామన్ కెమెరా ఎత్తి చూశాడు. ప్రళయం వెనకాల వీధి చివర కాలువ కనిపిస్తోంది. రోజూ సముద్రంలోకి పోయే కాలువ అది. చెప్పులు, సీసాలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ అందులో తేలుకుంటూ ఇటువైపు వస్తున్నాయి. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఆ నీరు పల్లాన్ని మరిచిపోయి మిట్టకు ఎక్కుతోంది.

"బాబూ, మనం పోదాం."

"ఎక్కడికన్నా? ఇప్పుడే లైవ్. అవతలి ఛానల్ వాడు హార్బరు దగ్గర నడుము లోతులో ఉన్నాడంట. మనవాళ్ళు నన్ను చంపేస్తారు."

"వాడు కూర్చుని ఉంటాడు. నా మాట విను. నువ్విక్కడ నిలబడినంతసేపు మా అక్క కదలదు. అక్క కదలందే వీధి కదలదు."

"నేను అరిచి చెబుతున్నాగా, వెళ్ళిపొమ్మని!"

"నువ్వు అరుస్తున్నావు కాబట్టే ఉంటున్నారు."

ప్రళయానికి అది బుర్రకెక్కలేదు. చెవిలో స్టూడియో గొంతు వినపడగానే మామూలు మనిషి మాయమై, మైకు పట్టుకుని వంగాడు. ఈసారి గాలి నిజంగానే తోస్తోంది కాబట్టి వంగడం అంత బాగా కుదరలేదు. "ఇక్కడ ప్రళయం తాండవి..." అనేలోపు కెమెరామన్ కెమెరా వెనక తీగ పీకేశాడు.

ఉద్యోగం ఆ తీగతో పాటే ఊడిందని అతనికి తెలుసు. లైవులో బొమ్మ పోతే ఆఫీసులో దాన్ని హత్యలాగే చూస్తారు.

"అన్నా! ఏంటిది! లైవన్నా!"

"పరిగెత్తు."

"ఎందుకు?"

"అక్క కిటికీలోంచి చూస్తోంది. వ్యాను దాకా పరిగెత్తు, నీకు దండం పెడతా."

ప్రళయం ఇంకా ఏదో అనబోతుండగా, మూలమీద కొట్టు పైకప్పు రేకు ఒకటి లేచి, ఇద్దరి నెత్తిమీదుగా వెళ్ళి వ్యాను మీది గొడుగు యాంటెన్నాను కొట్టి పడింది. ఇక ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మైకు ఒకచోట, చెప్పు ఒకచోట పారేసి ప్రళయం "అమ్మో" అంటూ పరుగందుకున్నాడు. పసుపు కోటు తలమీదికి లేచిపోయింది. డ్రైవరు అప్పటికే ఇంజను వేసి, "రా బాబూ, రా" అని తలుపు తీసి పట్టుకున్నాడు.

మిషను చప్పుడు ఆగింది.

అక్క గుమ్మంలోకి వచ్చింది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. పరిగెడుతున్న ప్రళయాన్ని చూసింది, తమ్ముణ్ణి చూసింది. లోపలికెళ్ళి జాకెట్ల మూట చంకన పెట్టుకుని, తాళం వేసి, వీధిలోకి గొంతెత్తింది.

"ఏయ్, లేవండర్రా! ప్రళయం పారిపోతున్నాడు!"

ఆటో మైకు పొద్దుటి నుంచి చేయలేని పని ఆ కేక చేసింది. తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. ముసలివాళ్ళను, పసిపిల్లలను వ్యానులో కుక్కారు. ప్రళయం ఎవరిదో చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని, ఆ పిల్లకంటే ఎక్కువ వణుకుతూ కూర్చున్నాడు. మిగతావాళ్ళు నడిచి మిట్టెక్కారు. పొద్దు వాలేసరికి వీధిలోకి సముద్రం వచ్చింది.

మర్నాడు నీళ్ళు తీశాక అక్కాతమ్ముళ్ళు తిరిగొచ్చారు. గోడ మీద నీటి గీత కిటికీ పైదాకా ఉంది. మిషను బోర్లాపడి బురదలో కూరుకుపోయింది. అక్క చీర దోపి పార అందుకుంది.

"నీ ఉద్యోగం సంగతేంట్రా?"

"నిన్నంతా తిట్టారు. పొద్దున వీధి మొత్తం బతికిందని తెలిసి తిట్లు ఆపారు. ఉందో లేదో ఇంకా చెప్పలేదు."

"చెప్పేదాకా తట్ట పట్టుకో."

అంతలో ప్రళయం వచ్చాడు, కొత్త ఇస్త్రీ చొక్కాలో. ఆఫీసు వాళ్ళు వేరే కెమెరా ఇచ్చి పంపారు. గుమ్మం దగ్గరే నిలబడి నసిగాడు.

"అక్కా, కెమెరా ముందు రెండు ముక్కలు చెప్పాలి. మా ఛానల్ హెచ్చరిక వల్లే మీరంతా బయటపడ్డారని."

అక్క పార ఆపి ఆలోచించింది. "హెచ్చరికలు విన్నంతసేపూ కూర్చునే ఉన్నాం కదయ్యా. నువ్వు నోరు మూసుకుని పరిగెత్తావు, అప్పుడు లేచాం. అలా చెప్పమంటే చెబుతా."

ప్రళయం కెమెరామన్ వైపు చూశాడు. అతను తల తిప్పుకున్నాడు.

"అలా చెబితే వెయ్యరక్కా."

"అయితే ఈ తట్ట అటు చివర పట్టుకో. వాడి నడుము మంచిది కాదు."

ప్రళయం కెమెరాను గోడ మీద పెట్టి, ప్యాంటు మడిచి బురదలోకి దిగాడు.