వండిపెట్టిన చేయి

"నీ పరిశోధనలో ఎవరూ చేరకపోతే నిన్ను శిక్షణలోంచి తీసేస్తారేమోనే," అన్నాను నా కూతురు అటుపేలేతో. డాక్టరైంది చాలక, బీపీ రోగుల మీద కొత్త మందు ఎలా పనిచేస్తుందో పరీక్షించడం నేర్చుకుంటోంది.

"నువ్వు ఆ మొక్కజొన్న న్సిమా కలుపమ్మా, మాడిపోతోంది," అంది నవ్వుతూ.

నాకు మనసు ఊరుకోలేదు. పక్కింటి నాబండాకు బీపీ ఉంది. మర్నాడు ఆమెను చేయి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

"ఎందుకు చేరాలనుకుంటున్నావు పిన్నీ?" అని అటుపేలే అడిగింది.

"మా ఆయన చావుకి వచ్చిన జనమందరికీ మీ అమ్మేగా వండిపెట్టింది. కాదంటే ఏం బాగుంటుంది?"

అటుపేలే కలం కింద పెట్టింది. "అమ్మా, నువ్వు బయట కూర్చో."

తలుపు పూర్తిగా పడలేదు. బయట బల్ల మీద కూర్చున్న వాళ్ళంతా నన్నే చూస్తున్నట్టు అనిపించి తల వంచుకున్నాను. లోపల నా కూతురు అంటోంది: "వంట వేరు, మందు వేరు పిన్నీ. వద్దన్నా నీ వైద్యం ఆగదు. ఇప్పుడు చెప్పు, చేరతావా?"

సరేనంటే బాగుండునని అప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

"వద్దు తల్లీ," అంది నాబండా. "నాకు భయం. మీ అమ్మతో ఆ మాట అనలేకపోయాను."