అడగకుండా పెట్టిన కొలత

నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే, "రాజీనామా కాగితం నీ బ్యాగులో పెట్టాను. సంతకం చేసి ఇవాళే ఇచ్చెయ్" అన్నాడు మా ఆయన, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా. అత్తయ్య జారిపడి కాలు విరగ్గొట్టుకుని నెలైంది. ఆదివారం ఆవిణ్ణి మా ఇంటికి తీసుకొస్తారట. నేను ఉద్యోగం మానేసి చూసుకుంటానట. ఈ సంగతి ఆడపడుచుకి తెలుసు, తోటికోడలికి తెలుసు, నాకే ఆఖర్న తెలిసింది. నన్నో మాట అడగొచ్చు కదా అంటే, అడిగితే మాత్రం కాదంటావా ఏంటి అని నవ్వాడు. ఒళ్ళు మండిపోయింది. అయినా చొక్కా రెండో చెయ్యి కూడా ఇస్త్రీ చేసే ఇచ్చాను.

నేను కంప్యూటర్లు తయారుచేసే చోట పనిచేస్తాను. మీట నొక్కగానే అన్నిటికంటే ముందు లేచే ప్రోగ్రాం మా విభాగానిది. అందులో తెర సంగతి చూసుకునే ముక్క నాది, పదకొండేళ్ల కిందట రాశాను. పని చిన్నదే. నువ్వు ఏయే కొలతల్లో బొమ్మ చూపించగలవు అని ముందు తెరని అడగాలి. అది చెప్పినవాటిలోంచి ఒకటి ఎంచుకుని పెట్టాలి. దానికి చేతకాని కొలత పెట్టామా, లోపల కంప్యూటరు నిక్షేపంగా నడుస్తున్నా తెర నల్లగా ఉండిపోతుంది. పాత తెరలు వెంటనే పలకవు, బద్ధకంగా లేస్తాయి. అందుకే రెండు సెకన్లు ఆగి మళ్లీ అడిగేలా రాశాను.

పోయిన నెల మా టీం లీడరు ఆ ముక్క తీసేసి అన్నిటికీ ఒకటే కొలత పెట్టాడు. ఈ రోజుల్లో అన్ని తెరలూ ఒకటే, అడగడం దేనికి, టైము దండగ అన్నాడు. నేను వద్దంటే, మేడమ్‌కి అన్నీ అనుమానాలే అని మీటింగులో అందరినీ నవ్వించాడు. ఇవాళ నేను వెళ్లేసరికి ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. ఒక ఆసుపత్రికి పంపిన నలభై కంప్యూటర్లకి తెరలు వెలగడం లేదట. అక్కడున్నవన్నీ పాత తెరలు. గొంతు తగ్గించి, పాత ముక్క మళ్లీ పెట్టెయ్యమ్మా, ఎవరికీ చెప్పక్కర్లేదు అన్నాడు.

పెట్టాను. మార్పు ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని రాసే చోట నా పేరూ, ఆయన చేసిన ఘనకార్యమూ రెండూ రాశాను. బల్ల మీదున్న పాత తెరకి తగిలించి మీట నొక్కాను. ఏమీ లేదు. కాసేపటికి అక్షరాలు వచ్చాయి. వాటిని చూస్తుంటే సిగ్గేసింది. నన్నెవరూ అడగలేదని పొద్దుట్నుంచి కుతకుతలాడిపోతున్నాను సరే, అత్తయ్యని నేను మాత్రం అడిగానా?

వరండాలోకి వెళ్లి ఫోన్ చేశాను.

"అత్తయ్యా, మా ఇంటికి రావాలని మీకుందా?"

అవతల చప్పుడు లేదు. 'మీకూ బావుంటుంది లెండి' అని నేనే నింపేయబోయి, పంటి బిగువున ఊరుకున్నాను. రెండు సెకన్లు కాదు, చాలాసేపు.

"నా ఇంట్లోనే ఉంటానే," అంది చివరికి. "పగలు తోడుకి ఒక మనిషుంటే చాలు. వాడికి చెబుదామనుకుంటే ఫోన్ పెట్టేశాడు. నువ్వు నీ ఇష్టంతోనే ఉద్యోగం మానేస్తున్నావన్నాడు. కాదా?"

"కాదత్తయ్యా."

"అయితే మానకు."

నాకు ఏడుపొచ్చింది. ఎవరికీ కనపడకుండా కళ్ళు తుడుచుకుని సీట్లోకి వచ్చాను.

సాయంత్రం చెప్పులు విప్పుతూనే కాగితం ఇచ్చావా అన్నాడు ఆయన. దాన్ని బ్యాగులోంచి తీసి, సంతకం లేకుండానే, ఆయన ముందు పెట్టాను. అత్తయ్యని అడిగాననీ, ఆవిడ రానన్నారనీ చెప్పాను.

"అడిగావా? ఏమని?" అన్నాడు. వెటకారం కాదు. అడగడానికి ఏముందో ఆయనకి నిజంగానే తెలియదు.

"ఏం కావాలని," అన్నాను, ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ఇప్పుడు నన్నడగండి."