రాణిగారి కొంగు

రోశయ్య చేతిలో ముప్పై ఆరు రూపాయలున్నాయి, నూలు కొనుక్కు రమ్మని వాళ్ళమ్మ పేరమ్మ ఇచ్చినవి. చీరాల వెళ్ళినవాడు డబ్బా కెమెరాతో ఈపూరుపాలెం తిరిగొచ్చాడు.

"దీన్ని మగ్గానికెక్కిస్తావుట్రా?" అంది పేరమ్మ.

"లెక్క చూడవే అమ్మా. టూరింగు టాకీసులో తెరమీద బొమ్మల్ని ఫొటోలు తీసి అర్ధరూపాయికొకటి అమ్మితే, డెబ్బై రెండింటికి నూలు డబ్బులొచ్చేస్తాయి."

"ఫొటోలు కడిగించే ఖర్చు మీ మామ ఇస్తాడా? నెల తిరిగేలోపు మగ్గం ఆడకపోతే కెమెరా అమ్మేసి నిన్ను పొగాకు కంపెనీలో కూలికి పెడతా."

అమ్మకం సాగలేదు. రోశయ్య కెమెరా ఎత్తగానే తెరమీది వాళ్ళు కథ ఆపేసి ఫొటోకి నిలబడేవాళ్ళు. కత్తులు దూసిన రాజూ సేనాపతీ భుజాలమీద చేతులేసుకుని బిగుసుకుపోయేవాళ్ళు. పులి కూడా కాళ్ళు సర్దుకుని కూర్చునేది.

"మళ్ళీ తీశాడ్రా వీడు! ఆఖరి బస్సు పోతుందిరా!" అని నేల క్లాసు గోలపెట్టేది.

"ఇలాంటి పెళ్ళి ఫొటో మా ఇంట్లోనే ఉంది" అని ఒక్కడూ కొనేవాడు కాదు.

ఇంతలో టాకీసుకి కొత్త బొమ్మొచ్చింది. అందులో రాణి చీర చూసి ఊరంతా వెర్రెత్తిపోయింది. ఆ కొంగు ముందుగా నేసినవాళ్ళకి ఏడాదిపాటు పనిస్తానన్నాడు చీరల షావుకారు చెంచురామయ్య. కానీ కొంగు తెరమీద ఇలా మెరిసి అలా పోయేది. రోశయ్య కెమెరా ఎత్తితే రాణి ఎదురుగా తిరిగి పళ్ళికిలించేది. కెమెరాలో రెండు రీళ్ళు దండగయ్యాయి.

చివరికి ఆడవాళ్ళ వైపు నుంచి పేరమ్మ లేచింది. ఇల్లిల్లూ తిరిగి చీరలమ్మిన గొంతు.

"ఏమమ్మా, డిజైను నీ మొహం మీదుందా? అటు తిరిగి కొంగు పరువు!"

రాణి నాలిక్కరుచుకుని తిరిగింది. కొంగు జారుతుంటే రాక్షసుడొచ్చి కొస పట్టుకున్నాడు.

"కదలకండి రాక్షసుడుగారూ" అన్నాడు రోశయ్య.

ఆ ఫొటో పెట్టుకుని పేరమ్మ కొంగుమీది హంసల వరసలు చూస్తే, రోశయ్య ఏ హంసకెన్ని పోగులో నోటిలెక్కన చెప్పాడు. పక్కింట్లో అప్పు తెచ్చిన నూలుతో మగ్గం ఆడింది. నెల తిరక్కుండానే చెంచురామయ్య చీర తిరగేసి, వెనకవైపు ముళ్ళు తడిమి, ఏడాది పని ఖాయం చేశాడు.

బొమ్మ ఎత్తేసే రోజున రోశయ్య కెమెరా ఇంట్లో పెట్టి, అదే కొంగుతో నేసిన రెండో చీర పట్టుకుని టాకీసుకెళ్ళాడు. పాట మధ్యలో లేచి దాన్ని విప్పి పట్టుకున్నాడు. పాట ఆగిపోయింది. మిరపపండు రంగు చూసి రాణి నోరు తెరిచింది. ఆవిడది నలుపూ తెలుపూ మరి.

"రంగు పోదు కదా? ఎంత?" అంది తెర అంచుకొచ్చి.

"తగ్గించకురోయ్!" అని అరిచింది నేల క్లాసు.

రోశయ్య చెప్పులు విడిచి, ధర మనసులోనే ఇంకో రెండు రూపాయలు పెంచి, తెర ముందున్న అరుగుమీద కాలు పెట్టాడు.